మూల చింపిన ఉత్తరం

తంగళ్లపల్లి, సిరిసిల్ల
12 జూన్ 2024

లైబ్రరీలో పాత తెలుగు ఉత్తరాలు చూసే మేడం గారికి,

నమస్కారం. నా పేరు స్వరాజ్యం. మాది నేతపని. మీరు నన్నెరుగరు, నేను మిమ్మల్నెరుగను. మొన్న పల్లీలు కట్టించుకొచ్చిన పేపరు ముక్కలో మీ యూనివర్సిటీ లైబ్రరీ సంగతి కనబడింది. సూరత్‌కు బతకపోయిన మన నేతవాళ్లకు ఖటోదరాలో ఒక గుమాస్తా ఉత్తరాలు రాసిపెట్టేవాడనీ, రాసిన ప్రతిదానికీ కింద కార్బన్ పెట్టి నకలు దాచుకున్నాడనీ, ఆయన పోయాక కూతురు ఆ ట్రంకుపెట్టెను మీ లైబ్రరీకి ఇచ్చిందనీ అందులో ఉంది. ఆయన పేరు వీరరాఘవులు. ఆ కాగితాన్ని నాలుగు రోజులు బియ్యం డబ్బా కింద పెట్టి ఉంచి, ఐదో రోజు ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మా అన్న కనకయ్య ఆ సారుతో ఒకే ఖోలీలో, అంటే ఒకే అద్దెగదిలో ఉండేవాడు. 1994లో, సూరత్‌లో ప్లేగు అని అందరూ వణికిన ఆ రోజుల్లో, సారు రాసిన ఉత్తరం మా ఇంటికొచ్చింది. నాకప్పుడు పద్నాలుగేళ్లు. ఇంట్లో చదువొచ్చినదాన్ని నేనొక్కదాన్నే. నేను మూడు వాక్యాలు చదివేలోపే మా అమ్మ లాక్కుని చింపేసింది. అది చావు ఉత్తరం. చావు ఉత్తరం గడప దాటకూడదు. వాకిట్లోనే చదివి, చింపి, తలమీంచి నీళ్లు పోసుకోవాలి. మిగతా ఉత్తరంలో ఏముందో ముప్పై ఏళ్లుగా ఎవరికీ తెలియదు. అన్న ఏ రోజు పోయాడో కూడా తెలియదు. తేదీ తెలియనివాళ్లకు పెట్టినట్టు పితృ అమావాస్య, అదే పెత్రమాస నాడు బువ్వ పెడుతున్నాం.

ఆ నకలు ఉందేమో దయచేసి చూడండి. నాకు తేదీ కావాలి. అంతకుమించి ఏమీ వద్దు.

ఫోన్ నంబరు ఎందుకివ్వలేదని అనుకోకండి. మేం సాంచెలంటాం, అదే మరమగ్గాలు. వాటి మధ్య పాతికేళ్లు కండెలు చుట్టి చెవులు పోగొట్టుకున్నాను. మీరు ఫోన్ చేస్తే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. వాట్సాప్ ఉన్న ఫోన్ మా ఆయన జేబులో ఉంటుంది. ఆయనకీ సంగతి తెలియదు. ఉత్తరమే రాయండి.

స్వరాజ్యం


సూరత్
2 జూలై 2024

స్వరాజ్యం అక్కకు,

నన్ను మేడం అనకండి. ఇక్కడ నన్ను మేడం అనేది మీరొక్కరే, ఫైళ్లు మోసే కాకా కూడా "ఏ ఊర్మిళా" అనే పిలుస్తాడు. నేను పుట్టింది ఇక్కడే, సూరత్‌ వడోద్‌లో. మా నాన్న సచిన్ అనే పేటలో సాంచె నడుపుతాడు, మా అమ్మది జగిత్యాల పక్క. తెలుగు చదవడం అమ్మ నేర్పింది. అందుకే నా తెలుగులో హిందీ, గుజరాతీ కలిసిపోతుంటే మా ఇంట్లో ఎవరికీ తప్పనిపించదు, మీకనిపిస్తే మన్నించండి.

వీరరాఘవులు గారి పెట్టె వచ్చాక తెలుగు చదివే మనిషి కావాలని నన్ను పదకొండు నెలల కాంట్రాక్టు మీద తీసుకున్నారు. "మా బిడ్డ యూనివర్సిటీల ఉత్తరాలు సదువుతది" అని నాన్న గల్లీ అంతా చెప్పుకొచ్చాడు. పక్కింటావిడ, "పరాయోల్ల ఉత్తరాలు సదువుడు గూడ నౌకరీయేనా?" అంది. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. రోజంతా నేను చేసేది అదే.

పెట్టెలో పదమూడు వందల పైచిలుకు నకళ్లు ఉన్నాయి. ఒక వరస లేదు. చీర అంచుల కత్తిరింపులతో కట్టలు కట్టి పెట్టారు, కొన్నింటిని చెదలు తిన్నాయి. ఎవరి భార్యకో కాన్పు, ఎవరి తమ్ముడికో బడి ఫీజు, ఎవరో ఇంటికి రావద్దని, ఎవరో వెంటనే రమ్మని. రోజుకు పదిహేను చదివితే ఎక్కువ. కార్బన్ నీలం వేళ్లకంటుకుని ఇంటికొచ్చినా పోదు. 1994 కట్ట ఏదో ఇంకా తెలియలేదు, కానీ వెతుకుతాను.

చావు ఉత్తరం చింపేస్తారని నాకు తెలియదక్కా. మాకు చావు కబుర్లు వాట్సాప్‌లో వస్తాయి, చూసి డిలీట్ చేస్తాం. బహుశా అదీ ఇదేనేమో. మీరు చదివిన ఆ మూడు వాక్యాలూ గుర్తుంటే రాయండి, పోల్చుకోవడం సులభమవుతుంది.

మీ ఊర్మిళ


తంగళ్లపల్లి
18 జూలై 2024

చెల్లె ఊర్మిళకు,

నీ ఉత్తరం చదివి చాలా రోజులకు నవ్వాను. నవ్వుతున్నానని మా ఆయన చెబితేగానీ నాకు తెలియలేదు.

మా అమ్మ పేరు బుచ్చవ్వ. డెబ్బై నాలుగేళ్లు. నా దగ్గరే ఉంటుంది. మతిమరుపు బాగా ముదిరింది. ఒక పూట కొడుకు పోయాడని తెలుస్తుంది, ఇంకో పూట వాడు సూరత్ నుంచి చీర తెస్తాడంటుంది. నన్ను మాత్రం గుర్తుపడుతుంది, తిట్టడానికి. బాపు రాజమల్లు పోయి పద్దెనిమిదేళ్లయింది. కనకయ్య తేదీ ఎవరికైనా కావాలంటే ఇక నాకే కావాలి.

ఆ రోజు సంగతి చెబుతాను. పోస్టుమాన్ కవరు ఇచ్చి వెళ్లాడు. నేను వాకిట్లో నిలబడి, అన్న ఉత్తరమొచ్చిందని అరిచి, కవరు చించి కాగితం విప్పాను. "క్షేమం అనడానికి లేదు" అని చదివాను. "మీ కనకయ్యకు జ్వరం" అని చదివాను. మూడో వాక్యం మొదలుపెట్టానో లేదో అమ్మ చూపు కాగితం మీద పడింది. పైన కుడి మూల చింపి ఉంది.

"ఆపు బిడ్డా! మూల సూడు, మూల!" అని ఒక్క అరుపు అరిచింది.

మన దగ్గర చావు కబురు రాస్తే కాగితం మూల చింపి పంపుతారు. చదువు రానివాళ్లకు కూడా విప్పగానే తెలియాలి కదా. చదివేవాళ్లు దొరికేదాకా చావు కబురు ఆగదు. అమ్మ కాగితాన్ని లాగి ముక్కలు ముక్కలు చేసి మోరీలో పడేసింది. బాపు మగ్గం గుంతలోంచి లేచి రాకముందే అమ్మ బిందె ఎత్తి నెత్తిన గుమ్మరించుకుంది. నేను రెండు చేతులూ అలాగే పట్టుకుని నిలబడ్డాను, కాగితం ఇంకా ఉన్నట్టు.

ఇంతే గుర్తుంది. తొందరేమీ లేదు. ముప్పై ఏళ్లు ఆగినదాన్ని, వానాకాలం ఆగలేనా?

మీ అక్క
స్వరాజ్యం


సూరత్
9 ఆగస్టు 2024

స్వరాజ్యం అక్కకు,

దొరికింది! తొందరలో చేతిరాత ఎటో పోతోంది, ఏమనుకోకండి.

24 సెప్టెంబరు 1994. అక్కా, ఇది చావు ఉత్తరం కాదు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"శ్రీ రాజమల్లు గారికి, వీరరాఘవులు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ క్షేమం అనడానికి లేదు. మీ కనకయ్యకు ఎనిమిది రోజులుగా జ్వరం. మొన్న పెద్ద దవాఖానాలో చేర్పించాం. ప్రాణభయం లేదని డాక్టరు అన్నాడు గానీ పక్కన ఇంటిమనిషి ఉండాలి. ప్లేగు భయంతో మా ఖోలీలో సగంమంది వెళ్లిపోయారు, ఉన్నవాళ్లం డ్యూటీలు వదలలేం. మీరు గానీ అమ్మ గానీ వెంటనే బయలుదేరండి. ఉధనా స్టేషన్‌లో దిగితే నేను వచ్చి తీసుకెళ్తాను. ఉత్తరం చెల్లెలు చదువుతుంది కాబట్టి అక్షరాలు పెద్దవిగా, విడివిడిగా రాయమని కనకయ్య చెప్పాడు. అలాగే రాస్తున్నాను."

నిజంగానే అక్షరాలు పెద్దగా, విడివిడిగా ఉన్నాయి. మిగతా నకళ్లలో ఆయన రాత చీమల బారు.

మరి మూల ఎందుకు చిరిగిందంటారా? అదే కట్టలో అదే తేదీతో ఇంకో నకలు ఉంది. ఆ ఖోలీలోనే పరమేశ్ అనే ఆయన ముందురోజు చనిపోయాడని మెట్‌పల్లికి రాసిన ఉత్తరం. దానికి నాలుగు మూలలూ ఉన్నాయి. మీ ఉత్తరం నకలుకు కుడి మూల లేదు. మీరు ఆచారం చెప్పకపోయుంటే ఏ ఎలకో కొరికిందనుకునేదాన్ని. రెండు ఉత్తరాలూ రాసి పక్కపక్కన పెట్టుకుని, పరమేశ్‌ది చింపబోయి మీది చింపేశారు. కింద కార్బన్, నకలు అలాగే ఉండగా చింపారు కాబట్టి అసలుదీ నకలుదీ రెండు మూలలూ పోయాయి. పక్కమంచం మనిషి పోయిన మర్నాడు, చేతులు ఎలా ఉంటాయి చెప్పండి.

అంటే మీ అన్న ఆ రోజు బతికే ఉన్నారు! ప్రాణభయం లేదన్నారు! నాకు ఒకటే ఆలోచన అక్కా, బతికున్న మనిషికి మీరు ముప్పై ఏళ్లుగా పెత్రమాస పెడుతున్నారేమో. ఇంట్లోవాళ్లు రాలేదని కోపంతో ఎక్కడో ఉండిపోయారేమో. ఇలాంటివి జరుగుతాయి. మిగతా కట్టలన్నీ ఒంటి చేత్తో అయినా తిరగేస్తాను.

మా దగ్గర కాగితాలు బాగుచేసే విభాగం ఉంది. పలచటి జపాన్ కాగితంతో ఆ మూలను అతికిస్తారట, మీ నకలును వాళ్లకు పంపాను. కొత్తదానిలా అవుతుంది.

మీ చెల్లె
ఊర్మిళ


తంగళ్లపల్లి
2 సెప్టెంబరు 2024

మేడం గారికి,

మీ ఉత్తరం అందింది. శ్రమపడ్డారు. ఇక వెతకకండి. నాకు కావలసింది తెలిసింది.

స్వరాజ్యం


సూరత్
20 సెప్టెంబరు 2024

స్వరాజ్యం అక్కకు,

మీ నాలుగు వాక్యాల ఉత్తరాన్ని చాలాసార్లు చదివాను. అమ్మకు చూపించాను. అమ్మ నెత్తి మీద ఒకటిచ్చింది. "సచ్చిండనుకుని పదోద్దు జేసినోల్లకు బతికుండె అని సంబురంగ రాస్తవా? నీకు దిమాక్ ఉన్నదానే?" అంది. అప్పుడు అర్థమైంది నేనేం చేశానో. పుండు మీద కారం చల్లి, చూశారా ఎంత ఎర్రగా ఉందో అన్నట్టు రాశాను. క్షమించండక్కా.

వెతకొద్దన్నారు. మీ మాట అందేసరికే ఇంకొకటి దొరికింది. దాచి ఊరుకుందామనుకున్నాను, కానీ నాది కాని దాన్ని దాచే హక్కు నాకెక్కడిది?

పెట్టె అడుగున ఒక ఇన్‌లాండ్ ఉత్తరం ఉంది. నకలు కాదు, అసలుది. మీ బాపు పేరున తంగళ్లపల్లికి వెళ్లి, తీసుకోలేదని రాసి తిరిగొచ్చింది. ఇప్పటిదాకా ఎవరూ విప్పలేదు. వీరరాఘవులు గారి కూతురు విజయలక్ష్మి గారిని అడిగాను. "మా నాన్న ఊరందరికీ ఉత్తరాలు రాశాడమ్మా, ఒకరి ఉత్తరం విప్పలేదు" అన్నారు. చిరునామా ఆయన రాతే. దాని కింద మాత్రం వంకర అక్షరాలతో "చెల్లె చదువాలె" అని ఉంది.

అంటించి ఉన్న ఉత్తరాన్ని ఇంటివాళ్ల అనుమతి లేకుండా విప్పకూడదని లైబ్రరీ నియమం. ఫారం పంపుతున్నాను. మీ అమ్మగారి వేలిముద్ర, మీ సంతకం కావాలి. పంపకపోతే అది అలాగే పెట్టెలో ఉంటుంది, ఎవరూ ముట్టుకోరు. పంపమని నేను చెప్పను, వద్దనీ చెప్పను.

ఊర్మిళ


తంగళ్లపల్లి
10 అక్టోబరు 2024

చెల్లె ఊర్మిళకు,

నీ తప్పేమీ లేదు. నీకు చెప్పాల్సింది చెప్పకుండా తేదీ కావాలని అడిగినదాన్ని నేను. అడుసు తొక్కినదాన్ని నేను, కాలు నిన్ను కడగమన్నాను.

మూడో వాక్యం మొదలుపెట్టానో లేదో అన్నాను కదా. అది అబద్ధం. అమ్మ లాక్కునేలోపు నా కళ్లు ముందుకు పరిగెత్తాయి. దవాఖానా అన్న మాట చూశాను. ప్రాణభయం లేదు అన్నది చూశాను. చూశానా, చూశాననుకున్నానా, ఆ సందులోనే ముప్పై ఏళ్లు బతికాను. "అమ్మా, ఆగు" అన్నాను. అమ్మ చెంప మీద కొట్టింది. బాపుకు చెబుదామని పోతే, "సావు ఉత్తరం సంగతి మల్లెత్తకు" అన్నాడు. మూల చింపి ఉందని అమ్మ చూసింది, బాపు ముక్కల్లో చూశాడు, ఇరుగుపొరుగు చూశారు. పెద్దలందరికీ కనబడిన మూల ముందు, పద్నాలుగేళ్ల పిల్లకు కనబడిన రెండు మాటలు ఎంత? నేనే తప్పు చదివాననుకున్నాను.

కబురు తెలిసిన పదో రోజు పదోద్దు చేశారు. సూరత్ పోయి చూసొస్తామన్నవాళ్లు లేరు. ప్లేగు అని బండ్లు దిగివచ్చినవాళ్లనే ఊళ్లోకి రానివ్వని రోజులవి. చుట్టాలు బంతిలో కూర్చున్నారు. అప్పుడు పోస్టుమాన్ వచ్చాడు, చేతిలో ఇన్‌లాండ్ ఉత్తరం. సూరత్ నుంచి అన్నాడు. బాపు అడ్డం తిరిగాడు. "దినాలనాడు గా ఊరి ఉత్తరం నా ఇంట్లకు రావొద్దు. ఇంకెవని సావు తెచ్చినవో, తీస్కపో" అన్నాడు.

నేను వడ్డిస్తున్నాను. పోస్టుమాన్ నా పక్కనుంచే వెనక్కి తిరిగాడు. "చెల్లె చదువాలె" అన్నది నేను చూశాను. ఆ వంకర అక్షరాలు నేను నేర్పినవి. ఆ ఎండాకాలం అన్న సెలవుకు వస్తే పలక పట్టించి నేర్పాను. చ అక్షరం వాడికి ఎప్పుడూ తిరగబడేది. అది వాడి రాతని నాకు తెలుసు. అయినా అన్నం పెట్టుకుంటూ పోయాను. చనిపోకముందు రాసింది పోస్టులో ఆలస్యమై ఇప్పుడొచ్చిందని నాకు నేనే చెప్పుకున్నాను.

నేను తేదీ అడిగింది అందుకే, చెల్లె. మొదటి ఉత్తరం నిజంగా చావు ఉత్తరమే అయితే రెండోది ఆలస్యంగా వచ్చినట్టు. అప్పుడు నా తప్పేమీ లేనట్టు. నీ లైబ్రరీలో అన్న చావు దొరకాలని కోరుకున్నాను. తోడబుట్టినవాడు అప్పటికే చనిపోయి ఉండాలని మొక్కుకున్నాను. నాకంటే పాపిష్టిది ఉంటుందా?

ఫారం మీద అమ్మ వేలిముద్ర తీసుకున్నాను. పింఛను కాగితమనుకుంది. విప్పండి. తేదీ ముందు చెప్పండి, తర్వాత లోపలిది. ఆ చిరిగిన మూలను మాత్రం అతికించవద్దని చెప్పు. అది అలాగే ఉండాలి. రేపెవరైనా చూస్తే మేం ఎందుకు పోలేదో ఆ ఒక్క చిరుగే చెప్పాలి, మా దగ్గర వేరే సాక్ష్యం లేదు.

మీ అక్క
స్వరాజ్యం


సూరత్
4 నవంబరు 2024

అక్కకు,

ముందు మూల సంగతి. మీ ఉత్తరం అందేసరికి రెండు రోజుల కిందటే పని అయిపోయింది. అతికించేశారు. చాలా చక్కగా అతికించారు. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే తప్ప తెలియదు. తీసేయమని అడిగితే, తీస్తే కాగితమే పోతుందన్నారు. జాబితాలో "మూల చిరిగి ఉండగా బాగుచేయబడినది" అని ఒక వరుస ఉంది. అది ఎందుకు చిరిగిందో రాయడానికి గడి లేదు.

ఇన్‌లాండ్ మీద సూరత్ ముద్ర 4 అక్టోబరు. మొదటి ఉత్తరం తర్వాత పది రోజులకు. అది ఆలస్యంగా వచ్చింది కాదక్కా. ఇంకోలా రాయగలిగితే బాగుండునని మూడు కాగితాలు చింపాను.

మా అధికారి, నేను, కాగితాలు బాగుచేసే ఆవిడ, ముగ్గురం కూర్చుని విప్పాం. తెలుగు తెలిసింది నాకొక్కదానికే. మొత్తం మీ అన్న చేత్తో రాసిందే, పెద్ద పెద్ద అక్షరాలు, చాలా వత్తులు లేవు. ఫోటోకాపీ పంపుతున్నాను, అర్థమయ్యేలా ఇక్కడ కూడా రాస్తున్నాను:

"చెల్లె. నాకు జర తగ్గింది. కూసుంటున్న. గీడ బువ్వ పెడుతరు గని కారం ఉండది. అమ్మను తొక్కు నూరుకొని రమ్మను. అమ్మ ఒక్కతి రాలేదు నువు తోలుకరా. బడి నాలుగు దినాలు పోతె ఏం కాదు. దినాం తొవ్వ సూస్తున్న. నేను రాసిన అని బాపుకు సూపెట్టు."

ఉత్తరం బయట గుండుసూదితో గుచ్చిన చిన్న చీటీ ఉంది. అది మొదటే చూశాను, మీకు చెప్పలేదు. ఫారం వస్తే చెబుదాం, రాకపోతే వద్దు అనుకున్నాను. వీరరాఘవులు గారి రాత. "17వ తేదీన తిరిగి వచ్చినది. ఎందుకు తీసుకోలేదో తెలియదు. కనకయ్యకు చూపలేదు. మీ వాళ్లు బయలుదేరారు, బండ్లు సరిగా లేక ఆలస్యమని చెప్పితిని. 21 శుక్రవారం ఉదయం పోయినాడు. తీసుకోని ఇంటికి మళ్లీ ఏమని రాయను."

మీరడిగిన తేదీ అది. 21 అక్టోబరు 1994. మొదటి ఉత్తరం మూల తానే చింపానని వీరరాఘవులు గారికి చివరిదాకా తెలియలేదు. నకలును మళ్లీ విప్పి చూసినట్టు లేదు.

డిసెంబరుతో నా కాంట్రాక్టు అయిపోతుంది. పొడిగించరట. సగం కట్టలు ఇంకా విప్పలేదు. మీలాంటివాళ్లు ఇంకా ఎంతమంది ఉన్నారో, వాళ్లు అడిగితే చదివి చెప్పేదెవరో తెలియదు. ఈ మధ్య నాకు చదవాలని లేదు కూడా.

అక్కా, మీకప్పుడు పద్నాలుగేళ్లు. ఈ మాట వల్ల ఏమీ ఒరగదని తెలిసే రాస్తున్నాను.

ఊర్మిళ


తంగళ్లపల్లి
19 డిసెంబరు 2024

చెల్లె ఊర్మిళకు,

నువ్వింకా అక్కడ ఉన్నావో లేదో, ఈ ఉత్తరం ఎవరి చేతిలో పడుతుందో తెలియదు. పడినవాళ్లకు తెలుగు రాకపోతే అలాగే పెట్టెలో పెట్టుకోండి.

ఫోటోకాపీ వచ్చాక పదిహేను రోజులు ముట్టలేదు. అమ్మకు చదివి వినిపించాలా వద్దా అని కొట్టుమిట్టాడాను. ఆ ఉత్తరం అమ్మది కూడా కదా. అమ్మను రమ్మన్నాడు. ముప్పై ఏళ్లుగా నేను దిగమింగిన దాన్ని ఇంకా దాస్తే, రెండోసారి చింపినట్టే అనిపించింది. మతి లేని మనిషి, విని మరిచిపోతుందిలే అనుకున్నాను. ఒక్కసారి వింటే చాలు అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి సాంచెలన్నీ ఆగినప్పుడు అమ్మ పక్కన కూర్చుని చదివాను. చివరిదాకా చదివాను. నా గొంతు నాకు వినపడదు కదా, ఎంత గట్టిగా చదివానో తెలియదు. తలెత్తితే పక్కింటి కొమురవ్వ గుమ్మంలో కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది.

అమ్మ ఏడవలేదు, కొట్టలేదు. కొడుతుందేమోనని చెంప ఇచ్చి కూర్చున్నాను. నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది, పెదాలు చూస్తేగానీ నాకు మాట అర్థం కాదని అమ్మకు తెలుసు.

"గీ ఉత్తరం ఎన్నడొచ్చిందే?"

"శాన దినాలైందమ్మా."

"మరి గిప్పటిదాంక ఏం జేస్తున్నవ్? పోరడు తొవ్వ సూస్తుండు గదనే. లే, మిరపకాయలు దియ్యి."

ఆ రోజు రోకలి పట్టి తొక్కు నూరింది. రెండేళ్లుగా సొంతంగా అన్నం కలుపుకోని మనిషి. నూరి, సీసాకెత్తి, రెండు చీరలు మూట కట్టుకుని అరుగు మీద కూర్చుంది. అన్న పోయిండమ్మా, ముప్పై ఏండ్లయింది అని చెప్పాను. అప్పుడే తెలిసినట్టు కూలబడిపోయింది. ఆ ఏడుపు నాకు వినపడలేదు, చూశాను. వినపడని ఏడుపు చూడటం ఎలా ఉంటుందో నీకు రాయలేను.

మర్నాడు పొద్దున లేచేసరికి మూట కట్టుకుని అరుగు మీద ఉంది. అన్నీ మరిచిపోతుంది చెల్లె, నిన్నటి ఏడుపు మరిచిపోయింది, తిన్నదీ తాగిందీ మరిచిపోయింది, ఆ ఉత్తరాన్ని మాత్రం మరవలేదు. కొడుకు రమ్మన్నాడు, అదొక్కటే నిలబడింది. మూడు రోజులు నిజమే చెప్పాను. మూడు రోజులూ కొడుకు ఆ పూటే పోయినట్టు నేల మీద పడి కొట్టుకుంది. మా ఆయన రవీంద్ర నా చేతులు పట్టుకుని, ముసల్దాన్ని చంపుతావా అన్నాడు. ఆయనకు ఇప్పుడు అంతా తెలుసు. ఎందుకు చదివావని ఒక్కసారి అడిగాడు.

నాలుగో రోజు నుంచి రేపటి బండికి పోదామమ్మా అంటున్నాను. అప్పుడు కుదుటపడుతుంది. రెండు ముద్దలు తింటుంది. ఉధనాల దిగాలె, మర్షిపోయేవ్ అని నాకే జాగ్రత్తలు చెబుతుంది. తొక్కు సీసాలు ఆరయ్యాయి. కొమురవ్వ ఒకటి అడిగితే ఇవ్వనివ్వలేదు.

నువ్వు నాకు చేసిన సాయం మరవను. ఇక మీరు మాకేమీ పంపవద్దు. ఆ కాగితాలు అక్కడే ఉండనివ్వండి, మా ఇంట్లో వాటికి చోటు లేదు. ఈ పొద్దు కూడా అమ్మ చీకటితో లేచి తల దువ్వుకుంది. రేపటి బండికి అని చెప్పి వచ్చి ఈ ఉత్తరం రాస్తున్నాను.

స్వరాజ్యం